నవాబు బాట మీద మేక సర్వే

లాక్‌డౌన్‌కు ముందటి ఏడాది జనవరిలో నన్ను ఎమ్మిగనూరు నుంచి ఆదోని వైపు ఒక బస్సు డిపోకు ట్రాఫిక్ సూపర్‌వైజరుగా మార్చారు. ట్రాఫిక్ సూపర్‌వైజరంటే కూడలిలో నిలబడి చేతులూపే మనిషి అని మా బంధువుల్లో సగం మంది నేను రిటైరయ్యేదాకా అనుకున్నారు. కాదు. ఏ బస్సు ఏ వేళకు ఏ ఊరికి పోవాలి, అక్కడ ఎక్కే జనం ఉన్నారా, లేకపోతే ఆ బస్సును ఎప్పుడు ఎత్తేయాలి అని చూసే ఉద్యోగం. కండక్టరుగా చేరి అక్కడిదాకా వచ్చినవాణ్ణి. బస్సులు వేయించడంలో కంటే ఎత్తేయించడంలోనే నాకు పేరు ఎక్కువ. ఆ పేరు చూసుకుని మురిసిపోయేవాణ్ణి కూడా.

చేరిన కొద్ది రోజులకే డిపో మేనేజరు గారు పిలిచి ఒక అర్జీ చేతిలో పెట్టారు. కోసిగి దాటాక తుంగభద్ర ఒడ్డున ఉన్న మూడు చిన్న ఊళ్ళు, దిన్నెకొట్టాల, గుండ్లవంక, పాతరేవు, తమకు పొద్దున ఆదోనికి పోయి సాయంత్రం తిరిగి వచ్చే బస్సు కావాలని అడుగుతున్నాయి. అర్జీ కొత్తదేమీ కాదు. ఏటా వస్తుంది, ఏటా ఫైల్లో నిద్రపోతుంది. ఈసారి దానితోపాటు పైనుంచి ఒక ఫోను కూడా వచ్చింది. దాంతో ఆ ఊళ్ళ ప్రజల కష్టాల మీద మా అందరికీ హఠాత్తుగా శ్రద్ధ పుట్టింది.

కొత్త సర్వీసు పెట్టాలంటే రెండు పరీక్షలు జరగాలి. ఒకటి రోడ్డుకు, రెండోది జనానికి. రోడ్డు పరీక్షను ట్రయల్ రన్ అంటాం. వేయబోయే బస్సంత పొడవున్న ఖాళీ బస్సును ఆ దారిన నడిపి, మలుపుల్లో వెనక భాగం దేనికైనా తగులుతుందా, వంతెన బరువు మోస్తుందా, చివరి ఊళ్ళో బస్సు తిప్పుకోవడానికి చోటుందా అని చూస్తాం. జనం పరీక్షకు ఇంత హంగామా లేదు. ప్రతి స్టాపులో దిగి, ఎక్కడానికి ఎందరు నిలబడ్డారో లెక్క వేసుకోవడమే. అందులోంచి ఆక్యుపెన్సీ రేషియో అంచనా వేస్తాం. బస్సులో ఉన్న సీట్లలో నూటికి ఎన్ని నిండుతాయన్న లెక్క అది. మా ఉద్యోగంలో దేవుడి తరవాతి స్థానం దానిదే. కొందరు మేనేజర్ల దగ్గర వరస తారుమారైనా ఆశ్చర్యం లేదు.

రెండు పరీక్షలూ ఒకే రోజు పెట్టాం. నిబంధన ప్రకారం తేదీ ముందుగానే మూడు ఊళ్ళకూ తెలియజేశాం. ఈ నిబంధనను ఎవరు రాశారో కానీ, పరీక్షకు ముందే ప్రశ్నపత్రం పంచిపెట్టడం లాంటిది.

డ్రైవరు ఖాజా ఆదోని మనిషి. పాత బస్సులను బుజ్జగించి నడపడంలో డిపోలో అతని తరవాతే ఎవరైనా. కోసిగి దాకా తారురోడ్డు కాబట్టి మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాం. కోసిగి దాటి నది వైపు దిగాక ఖాజా మాటలు ఆపేసి, స్టీరింగును రెండు చేతులా పట్టుకున్నాడు. అక్కడి నుంచి నవాబు బాట.

ఆదోని కోటను ఏలినవాళ్ళు సైన్యాన్ని నది రేవులకు నడిపించుకోవడానికి వేసిన దారి అని స్థానికులు చెబుతారు. ఏ నవాబు అని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. ఎవరైతేనేం, గట్టిగా వేశాడు. నల్లరేగడిలో బండి దిగబడకుండా పెద్ద పెద్ద బండలు పరిచాడు. వంకల మీద సున్నం, రాయితో కమానులు కట్టాడు. బాటసారులు ఆగడానికి ఒక ముసాఫరుఖానా కూడా కట్టాడు. ఇప్పుడు దానికి పైకప్పు లేదు, రెండు గోడలూ ఒక వాకిలీ ఉన్నాయి. ఏనుగులూ గుర్రాలూ దాహమన్నప్పుడల్లా నీళ్ళు తాగాలి కాబట్టి బాట నదిని వదిలిపెట్టదు. నది ఎటు వంగితే అటు వంగుతుంది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నేరుగా పోయే ఆలోచనే దానికి లేదు. విల్లు ఎలా వంగుతుందో అలా వంగి పోతుంది. ఆ విల్లుకు నారి కట్టినట్టు, పొలాలకు అడ్డంగా ఊరి నుంచి ఊరికి నేరుగా ఒక ట్రాక్టరు దారి ఉంది. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. సర్వే చేసేవాడు పొలాల్లో దారులు చూడాలని మా మాన్యువల్లో లేదు.

బండల మీద బస్సు నడపడం ఒక విద్య. రెండో గేరు దాటకూడదు. చక్రం బండ అంచు మీద ఎక్కితే టైరు పక్కగోడ చీలుతుంది కాబట్టి బండ నడుమనే ఎక్కించాలి. రెండు బండల మధ్య మట్టి కొట్టుకుపోయిన చోట బ్రేకు కాకుండా క్లచ్చుతో దింపాలి. ఖాజా అదంతా పాట పాడుకున్నంత సులువుగా చేస్తున్నాడు. నేను కిటికీలోంచి తల బయట పెట్టి, ఎడమవైపు వెనక చక్రం ఎంత దూరంలో పోతుందో చూసి కేకలు వేస్తున్నాను. నా కేకలను ఖాజా వింటున్నట్టు నటిస్తున్నాడు. మా ఇద్దరి మధ్యా గౌరవం అలా నడిచేది.

కుడివైపు తుంగభద్ర. జనవరి కాబట్టి నీళ్ళు సన్నబడి, రాతిగుండ్ల మధ్య పాయలుగా విడిపోయి పోతున్నాయి. అవతలి ఒడ్డు కర్ణాటక. ఇసుక మీద ఏరు దాటే పుట్టి ఒకటి బోర్లించి ఉంది. ఇవతల మోటార్లతో నది నీళ్ళు తోడుకున్న కాసిని మళ్ళలో వరి పచ్చగా ఉంది. ఆ పచ్చదనం బాట దాకా వచ్చి ఆగిపోతుంది. బాటకు ఎడమవైపు అంతా పత్తి ఏరేసిన పొలాలు, ఎండిన పత్తికట్టె, దూరంగా గుండ్ల కొండలు. వంక మీది పాత కమాను దగ్గర దిగి, టేపు పట్టి, పగుళ్ళు చూసి, బస్సును ఖాళీగా ఒకసారి దాటించాం. కమాను చెక్కుచెదరలేదు. ఫిరంగులు మోసిన వంతెనకు మా బస్సు బరువు లెక్కలోకి రాలేదేమో. రోడ్డు పరీక్షలో ఆ దారి మంచి మార్కులతో పాసయింది.

మొదటి స్టాపు దిన్నెకొట్టాల. మేము చేరేసరికి రోడ్డు పక్కన నిండుగా జనం నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లో సంచులు, మూటలు. ముందు వరసలో ఒకాయన ఒక నల్లమేకను తాడుతో పట్టుకుని ఉన్నాడు. మేకకు ఒక కొమ్ము సగం విరిగింది. సంతోషపడి లెక్కపెట్టుకున్నాను. ఒక్కో స్టాపులో ఒకరిద్దరి పేర్లు అడిగి రాసుకోవడం ఆనవాయితీ. ముందున్న ఆకుపచ్చ చీర ఆవిడను అడిగాను. యాభై దాటిన మనిషి. ఒక మోకాలు బిగుసుకుపోయినట్టు కాలు పక్కకు వేసి నిలబడి ఉంది.

"ఉరుకుందమ్మ, సారూ. ఆదోనికి దినాము పోవాల. బస్సు లేక శానా కష్టపడతాండాం."

"ఈ మేక కూడా రోజూ పోవాలా?" అన్నాడు ఖాజా.

మేకాయన మొహం మారలేదు. "సంతకు పోతాది లేప్పా. నువ్వు బస్సైతే తెప్పియ్యి."

రెండో స్టాపు గుండ్లవంక. మధ్యలో నది బాగా వంపు తిరగడంతో మాకు చాలాసేపు పట్టింది. అక్కడ కూడా నిండుగా జనం. ఈసారి వాళ్ళు ఎందుకో ఆయాసపడుతున్నారు. చీర అంచులకు పత్తికాయల పొట్టు అంటుకుని ఉంది. మొహాల మీద దుమ్ము. ముందు వరసలో ఒకాయన ఒక నల్లమేకను పట్టుకుని ఉన్నాడు. మేకకు ఒక కొమ్ము సగం విరిగింది.

నేను మేకను చూశాను. మేక నన్ను చూసింది. ఆ గుంపులో సిగ్గుపడనిది అదొక్కటే.

ఉన్నవాళ్ళలో ఒకావిడ చెంగు ముఖం మీదికి లాక్కుని వెనక నిలబడింది. చీర ఆకుపచ్చది. కాలు పక్కకు వేసి నిలబడింది.

"నీ పేరేందమ్మా?"

"నరసమ్మ, సారూ."

"ఆదోనికి రోజూ పోవాలా?"

"దినాము పోవాల. శానా కష్టపడతాండాం."

బస్సెక్కాక ఖాజా అద్దంలోంచి చూపించాడు. ఎడమవైపు పొలాల్లో దుమ్ము లేచింది. ట్రాలీ నిండా మనుషులతో ఒక ట్రాక్టరు పత్తికట్టె తొక్కుకుంటూ పాతరేవు వైపు దూసుకుపోతోంది. మేక ట్రాలీ అంచున నిలబడి గాలి పీల్చుకుంటోంది.

"సార్, మనతో రేసు పెట్టినట్లుండారు," అన్నాడు ఖాజా.

ఇక్కడ నేను చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి. చూడనట్టు ఉండవచ్చు. నెమ్మదిగా పోయి వాళ్ళకు సమయం ఇవ్వవచ్చు. బస్సు ఆపి, దిగి, ఎందుకిలా చేస్తున్నారని అడగవచ్చు. వీటన్నిటికంటే నాకు నచ్చింది ఇంకొకటి.

"తొక్కు ఖాజా," అన్నాను. "వాళ్ళకంటే ముందు పోవాలి."

"బస్సు స్ప్రింగు పట్టీలు ఇరుగుతాయి సార్. బండల మీద ఎట్ల తొక్కేది?"

"నేను చూసుకుంటా."

"మీరేం చూసుకుంటారు? తిట్లు తినేది నేను." అయినా తొక్కాడు. పాపం, నాకు పై అధికారి ఉన్నట్టే అతనికి నేను ఉన్నాను. బస్సు బండల మీద ఎగిరెగిరి పడుతుంటే, సీట్ల కడ్డీలు పట్టుకుని, జీవితంలో మొదటిసారి దొంగను తరుముతున్న పోలీసులా ఊగిపోయాను. దొంగలెవరయ్యా అంటే బస్సు కావాలన్న జనం.

గెలిచాం. పాతరేవులో ఎవరూ లేరు. ఎవరూ లేరంటే స్టాపులోనే కాదు. ఊరే ఖాళీ. వీధి పొడుగునా తలుపులకు తాళాలు, తాళాలకు ప్లాస్టిక్ కవర్లు చుట్టి ఉన్నాయి. అరుగుల మీద ముళ్ళకంప అడ్డం పెట్టారు. చర్చి పక్కన ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయనకు వినబడదు. నేను బస్సు మెట్ల దగ్గర పెన్ను తీసి, అట్ట మీద కాగితం పెట్టుకుని నిలబడ్డాను. ఆ నిలబడడం ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది, ఇంకెవరో నిలబడినట్టు.

ట్రాక్టరు వచ్చింది. నన్ను చూసి ఆగింది. కాసేపు ఎవరూ దిగలేదు. తరవాత మేక దూకింది. దాని వెనకాల మనుషులు ఒక్కొక్కరే దిగి, ఆయాసపడుతూనే, రోడ్డు పక్కకు వచ్చి వరసగా నిలబడ్డారు. ఏం జరిగిందో నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్ళకు తెలుసు. అయినా వరస తప్పలేదు. చివరగా ఉరుకుందమ్మను ఇద్దరు పట్టుకుని దించారు. కాలు ఈడ్చుకుంటూ వచ్చి వరస చివర నిలబడింది.

"నీ పేరేందమ్మా?" అన్నాను, అందరికీ వినబడేలా.

ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది. "ఉరుకుందమ్మే రాసుకో సారూ. ఇంగ పేర్లు లేవు."

వరస మొత్తం నవ్వింది. నేను నవ్వలేదు. నా వేటకు వాళ్ళు నవ్వడం నాకు నచ్చలేదు.

ట్రాక్టరు నడిపినాయన పేరు దేవసహాయం. చర్చి పెద్ద. ఆయన వచ్చి చేతులు కట్టుకున్నాడు. "దేవుని తోడు సార్, జనం నిజమే. ఊర్లే కొంచెం అటు ఇటు అయినాయి."

"మూడు ఊళ్ళ జనం కలిపితే ఇంతేనా?"

"ఇప్పుడు ఇంతే సార్. మిగిలినోళ్ళంతా సుగ్గికి పోయినారు."

సుగ్గి అంటే ఏమిటో పడమటి కర్నూలు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. బయటివాళ్ళకోసం చెబుతాను. ఇక్కడ పంట చేతికొచ్చాక, ఇళ్ళకు తాళాలు వేసి, వంటపాత్రలతో సహా సరుకు బండ్లెక్కి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. ఉగాదికి వస్తారు. నాకు ఇది తెలియక కాదు. నేను ఎమ్మిగనూరులో పుట్టినవాణ్ణి. జనవరిలో ఆ ఊళ్ళలో సర్వే పెట్టడమంటే ఎండాకాలం వంకలో నీళ్ళు కొలవడమని తెలుసు. కానీ మార్చి నెలాఖరులోగా నివేదిక పోవాలి, ఏప్రిల్లో కొత్త సర్వీసుల జాబితా వస్తుంది. కాగితానికి ఒక క్యాలెండరు ఉంది. మిరపకాయకు ఇంకొకటి ఉంది. నేను జీతం తీసుకునేది మొదటిదానికి.

ఉరుకుందమ్మ ఆ మూడు ఊళ్ళ కూలిగుంపుకు మేస్త్రీ. ఏటా ఆడవాళ్ళను సుగ్గికి తీసుకుపోయేది ఆమే. ముందటేడు వాళ్ళెక్కిన సరుకు బండి దారిలో బోల్తాపడి ఆమె మోకాలు విరిగింది. ఒకమ్మాయి చనిపోయింది. ఈ ఏడు ఆమె పోలేదు. ఆదోనికి పోయి, పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగు మిల్లు మేస్త్రీతో మాట్లాడుకుని వచ్చింది. దసరాకు కొత్త పత్తి వచ్చి మిల్లు తిరిగినప్పటి నుంచి ఉగాది దాకా, పొద్దున పనివేళకు గుంపును తేగలిగితే తీసుకుంటానన్నాడట.

"అంటే సుగ్గికి పోయే పనే ఉండదు సారూ," అంది. "పొద్దున పోయి మాపటికి ఇంటికొస్తాం. నడుమ కావాల్సింది బస్సొకటే. అది నీ సేతిలో ఉండాది."

"నా చేతిలో ఏమీ లేదమ్మా. ఎక్కేవాళ్ళు ఉంటే బస్సు వస్తుంది."

"బస్సుంటే ఎక్కేవాళ్ళు ఈన్నే ఉంటారు గదా."

"వాళ్ళు ఇక్కడ లేరు కదా."

"బస్సు లేకనే గదా సారూ లేంది! నువ్వు సదువుకున్నోనివి, ఇది ఎట్ల తిప్పినా అట్లనే తిరుగుతాది, సూడు." రోడ్డు పక్కకు చెయ్యి చూపించి అంది. "ఉగాది ఐనాంక రా. ట్రాక్టరు అక్కరలే. నిలబడను సోటు సాలదు."

ఆలోచిస్తానన్నాను. వాళ్ళు అప్పటికే వంట చేసి ఉంచారు. చర్చి వసారాలో కూర్చోబెట్టి జొన్నరొట్టె, నదిలో పట్టిన చేపల పులుసు పెట్టారు. తిన్నాను. రెండోసారి పులుసు అడిగి మరీ తిన్నాను. పొలాలకు అడ్డం పడి పరుగెత్తినవాళ్ళు నిలబడి వడ్డించారు.

తిరుగుదారిలో ఖాజా ఒకే మాటన్నాడు. "సార్, ఉగాది తరవాత ఇంకోసారి సూడాలని ఒక ముక్క రాసెయ్యండి. మీదేం పోయింది?"

నాది నిజంగానే ఏమీ పోయేది కాదు. అలాంటి ముక్క రాసే అధికారం నాకుంది. వలస కాలంలో సర్వే జరిగింది, మళ్ళీ చూడాలి అని రాస్తే మేనేజరు సంతకం పెట్టేవాడు. నేను రాసింది ఇది. రోడ్డు బస్సుకు యోగ్యం. మూడు స్టాపుల్లో కనబడినది ఒకే గుంపు. ప్రయాణికులు లేరు. బస్సు వేస్తే నడిచేదంతా ఖాళీగా నడిచే దూరమే, దాన్నే మేము డెడ్ కిలోమీటర్లు అంటాం. సిఫారసు చేయడం లేదు. ఇందులో ఒక్క అబద్ధం లేదు. నా ఉద్యోగ జీవితంలో అంత నిజాయితీగా రాసిన నివేదిక ఇంకొకటి లేదేమో.

అలా రాయడానికి కారణం నిబంధన కాదు. కథ. మేక ఉన్న కథ. డిపోలో చెబితే మెకానిక్కులు కూడా పనాపి విన్నారు. నెలవారీ సమావేశంలో పై అధికారి నన్ను లేపి, "ఆ మేక సర్వే చెప్పవయ్యా," అన్నారు. చెప్పాను. నరసమ్మ గొంతు కూడా పెట్టి చెప్పాను. గది మొత్తం నవ్వింది. పై ఆఫీసులో అప్పటిదాకా నా పేరు తెలియనివాళ్ళు కూడా మేక సర్వే సూపర్‌వైజరు అని గుర్తుపట్టడం మొదలుపెట్టారు. నివేదికలో "ఉగాది తరవాత మళ్ళీ చూడాలి" అని ఉంటే ఆ కథకు అంత మంచి ముగింపు ఉండేది కాదు. వాళ్ళ బస్సును నేను అమ్ముకున్నది ఆ నవ్వుకు.

ఏప్రిల్ జాబితాలో పాతరేవు లేదు. దసరాకు మిల్లు వాళ్ళు తారురోడ్డు మీద ఉన్న వేరే ఊరి గుంపును పెట్టుకున్నారని ఖాజా చెప్పాడు. నేను అడగకుండానే చెప్పాడు. సంక్రాంతి అయ్యాక మూడు ఊళ్ళూ మళ్ళీ సరుకు బండ్లెక్కాయి. ఈసారి ఉరుకుందమ్మ కూడా ఎక్కింది. మిరపచేలో ఒంగలేదు కాబట్టి గుంపుకు వంట చేయడానికట.

మార్చిలో దేశం మూసుకుంది. సుగ్గికి పోయినవాళ్ళు గుంటూరు వైపు చేలల్లోనే ఆగిపోయారు. పని అయిపోయింది, ఊరికి దారి లేదు. చాలా రోజుల తరవాత వాళ్ళను బస్సుల్లో తీసుకురావాలని ఉత్తర్వులు వచ్చాయి. దూరం నుంచి వచ్చిన బస్సులు జనాన్ని కోసిగిలో ఒక బడి దగ్గర దించాయి. అక్కడ పరీక్షలు అయ్యాక, వాళ్ళను ఊళ్ళకు చేర్చే పని మాది. పాతరేవు దారి ఏ సూపర్‌వైజరుకు తెలుసు అని డిపోలో వెతికారు. ఒక్కడికే తెలుసు. ఆ దారి గురించి అతను అందరికీ కథలు చెప్పి ఉన్నాడు.

సీటుకు ఒక్కరినే కూర్చోబెట్టాలన్న నిబంధన వల్ల ఒక బస్సు చాలలేదు. రెండు చాలలేదు. వరసగా నాలుగు బస్సులు నవాబు బాట ఎక్కాయి. నవాబు కాలం తరవాత ఆ బండల మీద అంత ఊరేగింపు నడిచి ఉండదు. మొదటి బస్సు ఖాజాది. నేను కండక్టరు సీట్లో కూర్చున్నాను. వెనక్కి చూస్తే మూతులకు తువాళ్ళు కట్టుకున్న మగవాళ్ళు, ఒళ్ళో పాత్రల మూటలు పెట్టుకున్న ఆడవాళ్ళు, పిల్లలు. బడి దగ్గర మిగిలిపోయినవాళ్ళకోసం ఇంకో తడవ రావాలి. నా నివేదికలో లేని ప్రయాణికులు వీళ్ళే.

ముందు సీట్లో కాలు చాపుకుని కూర్చున్నావిడ నన్ను చాలాసేపు చూసింది. మాస్కు ఉన్నా గుర్తుపట్టింది.

"ఏం సారూ, బాగుండావా?"

"బాగున్నానమ్మా. మోకాలు ఎలా ఉంది?"

"ఉండాది, ఊరికే నొస్తా." కిటికీలోంచి నదిని చూస్తూ అంది. "బాగుండాదప్పా బస్సులో పోతే. గాలొస్తాది. ఐతే మా ఊరికి బస్సు రావాలంటే దేశానికి రోగం రావాల్సొచ్చె."

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. ఖాజా కూడా నవ్వాడు. దిన్నెకొట్టాలలో కొందరు దిగారు, గుండ్లవంకలో కొందరు. పొలాల్లో ట్రాక్టరు దుమ్ము లేదు. పాతరేవులో దిగినవాళ్ళు తాళాల మీది కవర్లు విప్పుకుంటున్నారు. దేవసహాయం ఎదురొచ్చి ఉరుకుందమ్మకు చెయ్యి అందించాడు. ఆమె ఆఖరి మెట్టు మీద ఆగి, వెటకారం ఏమీ లేకుండా, నిజంగానే అడిగింది.

"రేపు పొద్దున గూడ వస్తాదా సారూ?"

"రాదమ్మా," అన్నాను.

"సరే," అని దిగింది.

బస్సులు మామూలుగా తిరగడం మొదలయ్యాక నేను రెండో నివేదిక రాశాను. మొదటి సర్వే వలస కాలంలో జరిగింది, జనాన్ని తక్కువ అంచనా వేశాను, మళ్ళీ పరిశీలించాలి అని. నా జీవితంలో ధైర్యం చేసిన సందర్భం అది, దాని ఆయుష్షు మూడు వారాలు. పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. ఒకే అధికారి ఒకే దారి మీద ఒకదానికొకటి పొసగని రెండు నివేదికలు ఇచ్చారు, వీటిలో ఏది తప్పు, తప్పు నివేదిక ఇచ్చినందుకు మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదు, సంజాయిషీ ఇవ్వండి. మెమో పెండింగులో ఉంటే రిటైర్మెంటు కాగితాలు కదలవు. నాకు రిటైర్మెంటు దగ్గర పడింది. ఇంట్లో ఎవరినీ అడగలేదు, ఖాజాను అసలే అడగలేదు. మొదటి నివేదికే వాస్తవమని, రెండోది భావోద్వేగంలో రాసినదని సంజాయిషీ రాసి ఇచ్చాను. భావోద్వేగం ఉన్నట్టు లిఖితపూర్వకంగా ఒప్పుకున్న ట్రాఫిక్ సూపర్‌వైజరు మా సంస్థలో ఇంకొకరు ఉండరు. మెమో మూసేశారు. దానితోపాటు పాతరేవు ఫైలు కూడా. ఆ దారిలో జనం లేరని నేను రెండుసార్లు సంతకం పెట్టినట్టయింది. రెండోసారి వాళ్ళను నా కళ్ళతో చూశాక పెట్టాను.

శాలువా కప్పి పంపించారు. సభలో మేక కథ మళ్ళీ చెప్పమని అడిగారు. గొంతు బాగాలేదన్నాను. వాళ్ళే చెప్పుకున్నారు.

ఇప్పుడు రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఊరి బస్సుల్లో టిక్కెట్టు లేదు. ఎక్కడికైనా ఉచితంగా పోవచ్చు. పాతరేవు ఆడవాళ్ళకు కూడా ఈ సౌకర్యం పూర్తిగా వర్తిస్తుంది. ఎక్కడానికి బస్సు లేకపోవడం వేరే విషయం. ఈ ఏడు కూడా సంక్రాంతి దాటగానే సరుకు బండ్లు వచ్చి పోయాయని ఖాజా ఫోన్లో చెప్పాడు. గుంపుకు మేస్త్రీ ఇప్పుడు ఇంకొకావిడట. ఉరుకుందమ్మ ఈసారి పోయిందో లేదో అతనికి తెలియదు. కనుక్కోమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సర్వే పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి సలహాలు అడుగుతారు. ఈ సంఘటన నాకు నేర్పింది వాళ్ళకు చెబుతాను. కనబడిన జనాన్ని ఎవరైనా లెక్కపెట్టగలరు. సూపర్‌వైజరుకు జీతమిచ్చేది కనబడనివాళ్ళు ఎక్కడున్నారో, ఎందుకు పోయారో అడగడానికి. మా ఫారంలో దానికి గడి లేదు. పక్కన మార్జిన్లో రాయవచ్చు. అక్కడ చాలినంత చోటుంది. నాకు తెలుసు, ఎందుకంటే నేను దాన్ని ఖాళీగా వదిలేశాను.